చీర తిరగేసి చూడండి!

తెరమీద హీరోయిన్ కట్టిన చీర మర్నాటికల్లా బజార్లో దిగడం మనకు కొత్తేం కాదు. ఆ చీర నేసిందెవరన్నది మాత్రం ఏ సినిమావారికీ పట్టదు. పట్టించుకున్నవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ప్రకాష్‌రాజ్‌కి జాతీయ అవార్డు తెచ్చిన తమిళ 'కాంచీవరం' ఒకటి, మన తెలుగులో 2019 జూన్‌లో వచ్చిన 'మల్లేశం' మరొకటి. ఈ రెండోది నాకు పాత స్నేహితురాల్ని తిరిగి తెచ్చిచ్చింది కూడా!

ఇంటర్వెల్లో సమోసాల దగ్గర మనిషికంటే ముందు చీర కనబడింది. ఎరుపూ నలుపూ కలిసిన పోచంపల్లి నూలుచీర. "ఏమే, గుర్తుపట్టినవా?" అంది చీరలోని మనిషి.

డిగ్రీలో నాకు ఒక ఏడాది సీనియర్. మేమంతా చుడీదార్లలో తిరిగే రోజుల్లో గంజిపెట్టిన చీర కట్టుకుని ఠీవిగా వచ్చేది. నాకు చీరల పిచ్చి అంటించింది తనే. ఇక్కత్‌లో నేతకు ముందే దారానికి ముడులు కట్టి రంగులద్దుతారు గనుక బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది. అచ్చువేసిన నకిలీ అయితే వెనక వెలవెలబోతుంది. "తిరగేసి చూడు" అనేది. నా మొదటి వ్యాసం అచ్చయినప్పుడు చదివి, "ఎనక రంగు లేదే దీనికి!" అంది. కోపం వచ్చింది గానీ, నేటికీ ఏది రాసినా పంపేముందు ఒకసారి తిరగేసి చూస్తాను.

ఆ తర్వాత ఉద్యోగాలు, ఊళ్లు, మారిన ఫోన్ నంబర్లు... మామూలే.

బెల్లు కొట్టారు. పద అన్నాను. "నేను రాను. ఇంటికి పోత" అంది. అప్పుడు చెప్పింది, వాళ్లమ్మ ఆసు పోసేదని. కాలేజీ రోజుల్లో ఎప్పుడూ చెప్పలేదు సుమండీ!

ఆసు అంటే, రంగులద్దకముందు దారాన్ని వరస మేకుల చుట్టూ తిప్పి తిప్పి పోయడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం ఏమవుతుంది మరి? తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

"ఆ మిషిను మా ఇంటికి వచ్చేటాలకు అమ్మ చెయ్యి లేస్తలేదు. ఇది ఆమె పోసిన ఆఖరి ఆసు" అంది కొంగు చూపిస్తూ.

ఏమనాలో తెలీక చెయ్యి పట్టుకున్నాను. తనే లోపలికి నడిచింది. తెరమీద యంత్రం తిరగగానే హాలంతా చప్పట్లు. తను మాత్రం కొట్టలేదు, కుడిభుజం నిమురుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు నెలకోసారైనా కలుస్తున్నాం, చీరలు కట్టుకునే! ఆ చీర దాచిపెట్టమని నేను, వినకుండా తను. "పెట్టెల పెట్టి ఏం జెయ్య? కట్టనీకే గద నేసిండ్రు" అంటుంది. మొన్న కుచ్చిళ్ల దగ్గర చిరుగు పడింది. రఫూ చేసేవాళ్ల కోసం ఇద్దరం ఊరంతా గాలిస్తున్నాం.