ఒక గట్టు, రెండు ఇంధనాలు

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లయినా, ఫ్లాట్‌లో మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవాళ్లయినా పొయ్యి దగ్గరికి వచ్చేసరికి మూడు ప్రశ్నలతో సరిపెడతారు. పైన గాజా, స్టీలా? బర్నర్లు మూడా, నాలుగా? గ్రానైట్ కోయించి అందులోకి దించే హాబా, గట్టు మీద పెట్టుకునే మామూలు స్టవ్వా? ఈ మూడింటికీ షోరూంలోనే జవాబు దొరుకుతుంది. కానీ పొయ్యి మీద మనం పెట్టే మొత్తం ఖర్చులో దాని కొనుగోలు ధర చిన్న భాగమే. పదేళ్లపాటు అది తాగే ఇంధనానిదే పెద్ద పద్దు. వంట కుదిరే తీరు, వంటగదిలో గాలి, భద్రత కూడా ఇంధనాన్ని బట్టే మారతాయి. కాబట్టి ఏ పొయ్యి కొనాలని అడిగే ముందు ఏ పని ఏ ఇంధనంతో చేయాలని అడగాలి. అలా అడిగితే, తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ శాతం మధ్యతరగతి ఇళ్లకు సరిపోయేది రెండు బర్నర్ల మంచి గ్యాస్ స్టవ్, దాని పక్కన ఒక ఇండక్షన్ స్టవ్ అని తేలుతుంది. పేరున్న నాలుగు బర్నర్ల హాబ్‌కు పెట్టే డబ్బుతో ఈ రెండూ వచ్చేస్తాయి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఇళ్లకు వచ్చే సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది పూర్తిగా మండితే వెలువడే వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. అదంతా గిన్నెకు చేరదు. గ్యాస్ స్టవ్‌లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 4246 ప్రకారం కనీసం 68 శాతం వేడి గిన్నెకు అందాలి. ఇది ప్రయోగశాలలో, సరైన కొలత గిన్నెతో తీసే లెక్క. ఇంట్లో చిన్న గిన్నె కింద పెద్ద మంట పెట్టినప్పుడు, బర్నర్ రంధ్రాలు పూడుకుపోయినప్పుడు అది ఇంకా తగ్గుతుంది. ఇండక్షన్‌లో వేడి గిన్నె అడుగులోనే పుడుతుంది కాబట్టి తీసుకున్న కరెంటులో దాదాపు 85 శాతం వంటకు పనికొస్తుంది. ఈ లెక్కన ఒక సిలిండర్ చేసే పనికి ఇండక్షన్ మీద సుమారు 145 యూనిట్లు కావాలి. గ్యాస్ స్టవ్ సరిగా వాడని ఇంట్లో 120 యూనిట్ల లోపే సరిపోవచ్చు. సిలిండర్ ధర 900 రూపాయలనుకుంటే, యూనిట్ ధర ఆరు రూపాయల కంటే తక్కువున్న ఇంట్లో ఇండక్షన్ చవక, ఎనిమిది దాటిన ఇంట్లో గ్యాస్ చవక. మధ్యలో ఉన్నవాళ్లకు రెండూ ఇంచుమించు ఒకటే.

ఇక్కడ చూడాల్సింది బిల్లు సగటును కాదు, చివరి యూనిట్ ఏ శ్లాబులో పడుతుందన్నది. వంటకు అదనంగా కాలే కరెంటు ఆ చివరి శ్లాబులోకే చేరుతుంది. ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్‌లో 76 నుంచి 125 యూనిట్ల వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, ఆపైన 400 వరకు రూ. 8.75 ఉంటూ వస్తున్నాయి. సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి రెండో వంద యూనిట్లు రూ. 4.80 చొప్పున పడతాయి. 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే రేటు మారి రూ. 5.10 అవుతుంది, ఆపైన వంద యూనిట్లకు రూ. 7.70, 300 దాటితే రూ. 9. అంటే ఒకే ఇంట్లో కూడా జవాబు ఏడాది పొడవునా ఒకటి కాదు. ఫ్యాన్లతో సరిపెట్టుకునే డిసెంబరులో ఇండక్షన్ లాభం. ఏసీ రాత్రంతా తిరిగే మే నెలలో అదే ఇండక్షన్ పై శ్లాబు కరెంటు తాగుతుంది కాబట్టి అప్పుడు గ్యాస్ నయం. రెండు ఇంధనాలూ అందుబాటులో ఉన్న ఇల్లు మాత్రమే ఈ తేడాను వాడుకోగలదు.

ప్రభుత్వ పథకాలు ఈ లెక్కను ఇంకా మలుపు తిప్పుతాయి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు సున్నా బిల్లు వస్తుంది. నెలకు 120 యూనిట్లు వాడే కుటుంబం ఇండక్షన్ మీద మరో 50 యూనిట్ల వంట చేసుకుంటే ఆ వంట ఉచితం. 180 యూనిట్లు వాడే కుటుంబం అదే 50 యూనిట్లు కలిపితే మొత్తం 230 అవుతుంది, సున్నా బిల్లు పోయి స్థిర చార్జీలు కాకుండానే 1,250 రూపాయల పైన కట్టాల్సి వస్తుంది. ఆ 50 యూనిట్లు చేసిన పని సిలిండర్‌లో మూడో వంతు, అంటే పూర్తి ధర లెక్కలో చూసినా 300 రూపాయల గ్యాస్. మహాలక్ష్మి పథకంలో 500 రూపాయలకే సిలిండర్ పొందే ఇంటికి ఆ విలువ ఇంకా తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా అందుకునే కుటుంబానికి ఆ మూడూ అయిపోయేదాకా కరెంటు వంట గురించి ఆలోచించే అవసరమే లేదు. కాబట్టి పక్కింటివాళ్లకు కలిసొచ్చిందని మనమూ కొనడం కంటే, గడచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు ముందేసుకుని చూడటం మేలు.

డబ్బు తర్వాత వంట. మంట లేనిదే మన వంట సాగదన్నది ఇండక్షన్ మీద అందరికంటే ముందు వచ్చే అభ్యంతరం. అందులో సగం నిజముంది. పచ్చడికి వంకాయ కాల్చాలన్నా, పుల్కా పొంగించాలన్నా, అప్పడం కాల్చాలన్నా మంట కావాలి. మట్టికుండ, ఇత్తడి గిన్నె, రాగి పాత్ర, మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయవు. అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకునే గిన్నె కావాలి. అడుగు గుండ్రంగా ఉండే మూకుడుకు కూడా అక్కడ చోటు లేదు. మార్కెట్లో దొరికే చవక ఇండక్షన్ స్టవ్‌లలో మరో లోపం ఉంది. లోపలి కాయిల్ చిన్నది కావడంతో పెద్ద పెనం మీద దోసె మధ్యలో మాడి అంచుల్లో పచ్చిగా మిగులుతుంది. సెగ తగ్గించినప్పుడు వాటిలో చాలా వరకు నిజంగా సన్నగా వేడి చేయవు. కొన్ని క్షణాలు గట్టిగా వేడెక్కి, కొన్ని క్షణాలు ఆగుతాయి. పాకం పట్టడానికి, ఇగురు దగ్గరపడేదాకా సన్న సెగన మగ్గబెట్టడానికి ఆ పద్ధతి నప్పదు.

మిగిలిన సగం మాత్రం అలవాటు నేర్పిన మాట. ఇంటి వంటలో ఇంధనం ఎక్కువగా ఖర్చయ్యేది వేయించడానికీ కాల్చడానికీ కాదు, నీళ్లు మరిగించడానికి. అన్నం, పప్పు, ఇడ్లీ, పాలు, కాఫీకి నీళ్లు, కుక్కర్ కూతలు, పిల్లల గుడ్లు, చలికాలంలో తాగే వేన్నీళ్లు: వీటిలో ఒక్కదానికీ మంట కనపడాల్సిన పని లేదు. ఇవన్నీ ఇండక్షన్ మీద వేగంగా అవుతాయి, టైమర్ పెడితే దానంతటదే ఆగిపోతుంది. 2,000 వాట్ల ఇండక్షన్ గిన్నెకు అందించే వేడి ఇంట్లోని పెద్ద గ్యాస్ బర్నర్‌కు తీసిపోదు. అమెరికా అపార్ట్‌మెంట్లలో గ్యాస్ కనెక్షనే లేని వంటగదుల్లో, కాయిల్ పొయ్యిల మీదా గాజు పలక పొయ్యిల మీదా తెలుగు కుటుంబాలు గుత్తివంకాయ నుంచి గోంగూర మాంసం దాకా వండుకుంటున్నాయి. మన వంట మంట లేకుండా ఆగిపోదని చెప్పడానికి అది చాలు. అందుకే పనిని పంచాలి. ఉడికేవన్నీ ఇండక్షన్‌కు, పోపు, వేపుడు, దోసె, కాల్చేవి గ్యాస్‌కు.

ఇండక్షన్‌కు గిన్నెలు మార్చుకోవాలి కదా అని సందేహించేవాళ్లకు దుకాణాల్లో ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ చూపిస్తారు. అడుగు చదునుగా ఉంటే ఏ గిన్నెనైనా అది వేడి చేస్తుంది, నిజమే. కానీ ముందు గాజు పలక ఎర్రగా కాలి, ఆ వేడి గిన్నెకు చేరాలి. అందువల్ల వృథా ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువే. స్విచ్ కట్టేశాక కూడా పలక చాలాసేపు చేయి కాల్చేంత వేడిగా ఉంటుంది, కాబట్టి పసిపిల్లలున్న ఇంటికి పనికిరాదు. ఒక ఇండక్షన్ కుక్కర్, ఒకటి రెండు అయస్కాంతం పట్టే గిన్నెలు కొనుక్కుంటే ఇన్‌ఫ్రారెడ్ అవసరమే రాదు; ఇంట్లో ఉన్న ఇనుప పెనం ఎలాగూ ఇండక్షన్‌కు పనికొస్తుంది.

ఇక నాలుగు బర్నర్ల హాబ్. అందంలో దానికి వంక పెట్టలేం. గట్టుతో సమానంగా ఉంటుంది, తుడవడం తేలిక. మంట ఆరిపోతే గ్యాస్‌ను దానంతటదే ఆపే పరికరం ఉన్న మోడళ్లు భద్రతలో నిజంగా మేలైనవి. ఆ సౌకర్యం ఉంటే ఎక్కువ ధర పెట్టినా తప్పులేదు. అయితే నలుగురున్న ఇంట్లో నాలుగు బర్నర్లూ ఒకేసారి వెలిగేది పండగ పూటే. పక్కపక్కనే ఉండే బర్నర్ల మీద పెద్ద కుక్కరూ వెడల్పు బాండీ కలిసి సరిగా కూర్చోవు కూడా. గ్రానైట్‌కు ఒకసారి కోత పెట్టాక రేపు మరో కొలత హాబ్ కొనాలంటే రాయి మార్చాలి, లేదా మళ్లీ కోయించాలి. గాజు గట్టిపరిచినదే అయినా పగలనిదేమీ కాదు. కాలుతున్న గాజు మీద చన్నీళ్లు పడినా, అంచుకు దెబ్బ తగిలినా ఒక్కసారిగా ముక్కలవుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో పైపు గ్యాస్ వస్తున్న కాలనీలవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. సిలిండర్ గ్యాస్‌కూ పైపు గ్యాస్‌కూ జెట్‌లు వేరు. కొనే హాబ్‌కు రెండో రకం జెట్‌లు దొరుకుతాయో లేదో ముందే అడగకపోతే కనెక్షన్ వచ్చిన రోజున ఇబ్బంది పడతారు.

వంటగది గాలి గురించి మన చర్చల్లో చిమ్నీ తప్ప మరో మాట వినపడదు. కట్టెల పొయ్యి పొగతో పోలిస్తే గ్యాస్ ఎన్నో రెట్లు శుభ్రమైనది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం, దేశమంతటా 2016లో మొదలైన ఉజ్వల ఆ మేరకు ఆడవాళ్ల ఊపిరి కాపాడాయి. అయినా గ్యాస్ మంట నైట్రోజన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ వాయువుకు సూచించిన వార్షిక పరిమితిని ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల నుంచి 10కి తగ్గించింది. కిటికీ ఒకవైపే ఉన్న ఇరుకు ఫ్లాట్ వంటగదిలో, ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇంట్లో ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఇండక్షన్ ఆ వాయువును వదలదు, గది కూడా అంత వేడెక్కదు. అలాగని ఇండక్షన్ ఉంటే చిమ్నీ అక్కర్లేదనుకోవడం పొరపాటు. పోపు పొగ, వేపుడు నూనె ఆవిరి ఏ పొయ్యి మీదైనా ఒకటే. గాలిని గొట్టం ద్వారా బయటికి పంపే చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ రెండింటికీ కావాలి.

పర్యావరణం పేరుతో గ్యాస్ పూర్తిగా మానేయాలనే వాదన కూడా ఉంది. మన దగ్గర అది ఇప్పటికి నిలవదు. సిలిండర్ గ్యాస్ మండితే సుమారు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దేశ గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల చొప్పున చూస్తే, అదే వంటకు ఇండక్షన్ ఖాతాలో పడేది దాదాపు 100 కిలోలు. కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి వస్తున్నంతకాలం ఇండక్షన్ వంట వంటగదిలో శుభ్రమే గానీ ఆకాశానికి కాదు. డాబా మీద సోలార్ పలకలున్న ఇంటికి మాత్రం లెక్క తిరగబడుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తోంది కాబట్టి మధ్యాహ్నపు వంట ఎండతోనే సాగించవచ్చు. మరోవైపు దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతి, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచి వచ్చేదే. అక్కడ అలజడి రేగితే ఇక్కడ సిలిండర్ ధర కదులుతుంది. కరెంటు పోతే ఇండక్షన్ ఆగుతుంది. ఏదో ఒక్క ఇంధనాన్నే నమ్ముకున్న ఇంటికి ఈ రెండు కష్టాల్లో ఒకటి తప్పదు.

రెండు రకాలంటే రెండింతల ఖర్చు కాదా అనే ప్రశ్నకు జవాబు ఇప్పటికే వచ్చింది: ఆ డబ్బు వాడని బర్నర్లలో మిగులుతుంది. రేడియేషన్ భయానికి ఆధారం లేదు. ఇండక్షన్ పుట్టించే అయస్కాంత క్షేత్రం ఎక్స్‌రే లాంటిది కాదు, గిన్నె తీసేస్తే స్టవ్ దానంతటదే ఆగిపోతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం రెండడుగుల దూరం పాటించాలని వైద్యులు చెబుతారు. అసలు జాగ్రత్త పడాల్సింది వైరింగ్ దగ్గర. 2,000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మిక్సీ పెట్టే చిన్న ప్లగ్ దాన్ని మోయలేదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్, దానికి వేరే లైను, వేరే ఎంసీబీ ఉండాలి. మంజూరైన లోడ్ కూడా సరిచూసుకోవాలి.

కాబట్టి ఇల్లు కట్టే దశలోనే గట్టు మీద అలాంటి పవర్ ప్లగ్ రెండు చోట్ల పెట్టించుకోవడం ఏ హాబ్ కంటే దూరదృష్టి గల పెట్టుబడి. బిల్డర్లు ఫ్లాట్ బ్రోచర్లలో హాబ్ బొమ్మకు ఇచ్చే ప్రాధాన్యంలో కొంత దీనికి ఇవ్వాలి. ప్రభుత్వాలు చేయాల్సిన పనీ ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2023లో 20 లక్షల ఇండక్షన్ స్టవ్‌ల పంపిణీ కార్యక్రమం ప్రకటించింది. స్టవ్ చేతికి వచ్చినా, 201వ యూనిట్ వెయ్యి రూపాయలు ఖరీదు చేసే చోట దాన్ని అటక మీద పెట్టడమే తెలివైన పని అవుతుంది. గ్యాస్ రాయితీని ఒక శాఖ, కరెంటు రాయితీని మరో శాఖ విడివిడిగా లెక్కగట్టడం మానాలి. వంటకు ఇంత అని ఒకే సాయం ఇచ్చి, దాన్ని సిలిండర్‌కు వాడుకోవాలా యూనిట్లకు వాడుకోవాలా అన్నది కుటుంబానికి వదిలేయాలి. అంతదాకా ఆ లెక్క ఎవరి ఇంట్లో వాళ్లే వేసుకోవాలి.