పత్తిచేలో పారాచూట్ దిగితే...

బెలూన్లు ఎగరేసే రోజులొచ్చాయంటే నల్గొండ, మహబూబ్‌నగర్ సహా హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాలకు ఓ హెచ్చరిక వెళ్తుంది. ఆకాశం నుంచి రంగుల పారాచూట్‌తో పెట్టెలు దిగొచ్చు, ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి అని. చదివేవాళ్లు తక్కువ, పడ్డాక హడలిపోయేవాళ్లు ఎక్కువ! 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఓ వింత వస్తువు పొలంలో దిగితే జనం గుంపులుగా చేరారు. తీరా చూస్తే అది పర్యాటకుల్ని అంతరిక్షం అంచుదాకా తీసుకెళ్లాలనుకున్న ఓ స్పెయిన్ కంపెనీ ప్రయోగం.

వీటిని ఎగరేసేది ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం. పలుచని పాలిథిన్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి వదిలితే 30, 40 కిలోమీటర్లు పైకెళ్తుంది. అంత పైకెందుకూ అంటే... గాలిలోని తేమను తప్పించుకోడానికి. విశ్వం నుంచి వచ్చే కొన్ని కిరణాలను ఆ తేమే మింగేస్తుంది మరి.

అలాంటి కిరణాల్లో అన్నిటికన్నా పాతవి విశ్వం పుట్టిన 3.8 లక్షల ఏళ్లకు బయల్దేరాయి. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ తమ యాంటెన్నాలో వదలని గరగరను చూసి, పావురాల రెట్ట వల్లేమోనని తుడిచి మరీ చూశారు. పోలేదు. అది ఆ తొలి వెలుగే! దాని వేడి ఇప్పుడు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్. ఏ దిక్కు చూసినా దాదాపు ఒకటే.

ఆ 'దాదాపు'లోనే ఉంది కథంతా. తేడా లక్షలో ఒక వంతు. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లు కదా, అందులో ఒక మిల్లీమీటరు హెచ్చుతగ్గును పట్టుకోవడం లాంటిదన్నమాట. ఆ కాస్త తేడా లేకపోతే పదార్థం ఒకచోట పోగుపడేది కాదు, గెలాక్సీలూ ఉండేవి కావు.

ఈ తేడాలను మొదట పట్టిచ్చింది కోబ్ ఉపగ్రహం, 1992లో. మచ్చల సైజు తేల్చడంలో మాత్రం బెలూన్లదే పెద్దచెయ్యి. 1998 డిసెంబరులో అంటార్కిటికాలో ఎగిరిన 'బూమరాంగ్' పది రోజులు దక్షిణ ధ్రువాన్ని చుట్టి, పేరుకు తగ్గట్టే బయల్దేరిన చోటికి దగ్గర్లోనే దిగింది. మచ్చలు సుమారు ఒక డిగ్రీ, అంటే నిండు చందమామకు రెండింతల వెడల్పు. విశ్వం వంకర లేకుండా చదునుగా ఉందని 2000లో దాన్నిబట్టే చెప్పారు.

హైదరాబాద్‌లో ఎగిరిన మీటరు వెడల్పు దూరదర్శిని చూసింది నక్షత్రాలు పుట్టే ధూళి మేఘాలను. అయినా ఇదీ చుట్టమే. మన గెలాక్సీలోని ధూళి వెలుగును లెక్కకట్టి తీసేస్తేగానీ ఆ పాత వెలుగు శుభ్రంగా కనపడదు. దిగిన దూరదర్శినికే మరమ్మతు చేసి మళ్లీ ఎగరేస్తారు. కాబట్టి చేలో పెట్టె కనిపిస్తే వైర్లు మాత్రం పీకకండి!