ఊరి చరిత్రకు ఆధారం చూపాలి

పులివెందుల: సర్వే నంబరు, హద్దులు లేని దస్తావేజును నమ్మి ఏ రైతూ పొలం కొనడు. కాని ఊరి చరిత్ర విషయంలో మాత్రం ఆ జాగ్రత్త కనబడదు. తిరునాళ్ల కరపత్రం మొదలు విశ్వవిద్యాలయ పరిశోధన వరకు "పెద్దలు చెబుతారు", "శాసనాల వల్ల తెలుస్తున్నది" అని రాసి సరిపెడుతున్నారు. ఏ పెద్దలు? ఏ శాసనం? ఆ రాయి ఎక్కడున్నది? చదివినవారెవరు? ఇవి చెప్పనిదే ఆ రాత ఎవరికీ అక్కరకు రాదు.

ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల శాసనమే ఇందుకు ఉదాహరణ. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరున్న ఈ శాసనం తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధి పొందింది. దాని కాలం క్రీ.శ. 575 అని బడిపిల్లలు కూడా చెబుతారు. అయితే ఆ రాతిమీద సంవత్సరం లేదు. అక్షరాల తీరును బట్టి పండితులు కట్టిన అంచనా అది. నీలకంఠశాస్త్రి, వెంకటరామయ్యలు ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ప్రకటించారు. పండితుల పేరు తీసేసి 575 అని మాత్రమే రాస్తే అంచనా కాస్తా రాతిలో చెక్కిన మాట అయిపోతుంది.

మెకంజీ దొర కాలంలో సేకరించిన కైఫియత్తులలో కరణాల కవిలెల సంగతులూ ఉన్నాయి, జనం నోటి కథలూ ఉన్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టరాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర ఒక్క ప్రతిని నమ్మి వేమన పద్యాలను అచ్చు వేయించలేదు. పలు రాతప్రతులు తెప్పించి, పోల్చి చూసి 1829లో ప్రచురించాడు.

నేటి విద్యార్థులకు ఇది డిగ్రీతో ముడిపడిన విషయం. పరుల రాతను తమదిగా చూపడాన్ని అరికట్టేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పరిశోధన గ్రంథంలో అరువు రాత 60 శాతం మించితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఎవరి మాటో, ఎక్కడిదో సక్రమంగా చూపి ఉదహరించినది ఈ లెక్కలోకి రాదు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒక్కో ఆధారానికి ఒక్కో చీటీ చాలు. పుస్తకమైతే రచయిత, పేరు, ప్రచురించిన సంవత్సరం, పుట సంఖ్య రాసుకోవాలి. శాసనమైతే రాయి ఉన్న చోటు, దానిని ప్రచురించిన సంపుటం రాయాలి. పెద్దలు చెప్పినదైతే వారి పేరు, వయసు, ఊరు, చెప్పిన తేదీ ఉండాలి. చదివిన రోజే రాసుకోవాలి. తర్వాత వెతుక్కోబోతే పుట దొరకదు.

రాయి పగిలిపోవచ్చు, చెప్పిన పెద్దాయన కాలం చేయవచ్చు. చీటీ ఉంటే రేపటివారికి దారి మిగులుతుంది. ఉపాధ్యాయులు ఈ అలవాటును హైస్కూలు నుంచే నేర్పాలి. ఆలయ కమిటీలు కూడా స్థల చరిత్ర అచ్చు వేసేటప్పుడు చివరి పుటలో ఆధారాలు చూపడం మంచిది.