చెక్ ఇంజిన్ దీపం చెప్పని నిజం

తెల్లవారుజామున మూడు గంటలకు ఉత్తరాదిలోని ఏ మండీ గేటు దగ్గర నిలబడినా దేశ ఆర్థిక వ్యవస్థ అసలు స్వరూపం కళ్లకు కడుతుంది. కూరగాయలను, పాలను, పూలను నగరానికి మోసుకొచ్చేది ప్రకటనల్లో మెరిసే కొత్త వాహనాలు మాత్రమే కావు. రెండో చేతికో, మూడో చేతికో మారిన పాత వ్యాన్లు కూడా ఆ వరుసలో ఉంటాయి. వాటిలో ఒకటి ఒక్క రోజు ఆగితే ఆ రోజు సరుకు వాడిపోతుంది, ఆ నెల వాయిదా తప్పుతుంది. వాహనాల వయసుపైనా వాయు కాలుష్యంపైనా ఢిల్లీలో సాగుతున్న వాదోపవాదాలను అర్థం చేసుకోవాలంటే, అలాంటి ఒక వ్యాన్‌కు వచ్చే మొండి రోగాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి.

2012లో కొన్న ఒక డీజిల్ వ్యాన్‌ను ఊహించుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఇరవై కిలోమీటర్లు నడిచాక, బరువుతో ఫ్లైఓవర్ ఎక్కుతుండగా హఠాత్తుగా సత్తువ కోల్పోతుంది. డాష్‌బోర్డుపై పసుపుపచ్చ ఇంజిన్ దీపం వెలుగుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పెరగదు. ఏదో ప్రమాదం ఉందని అనుమానించిన కంప్యూటర్ ఇంజిన్ శక్తిని తనంతట తానే కుదించుకునే ఈ స్థితిని మెకానిక్‌లు లింప్ మోడ్ అంటారు. పక్కకు ఆపి, తాళం తీసి, పది నిమిషాల తర్వాత మళ్లీ వేస్తే వ్యాన్ ఏమీ ఎరగనట్లు బయలుదేరుతుంది.

స్కానర్ పెడితే మూడు కోడ్‌లు వస్తాయి. ఒకటి డీజిల్ పీడనాన్ని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్‌ది, రెండోది టర్బో గాలి పీడనాన్ని కొలిచే బూస్ట్ సెన్సర్‌ది, మూడోది ఇ.జి.ఆర్. వాల్వ్ ఎంత తెరుచుకుందో చెప్పే సంకేతానిది. మొదటి గ్యారేజీ మొదటి సెన్సర్ మారుస్తుంది. వారం తర్వాత రెండో గ్యారేజీ రెండోది మారుస్తుంది. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. మూడో చోట, కంప్యూటరే పోయిందని తీర్పు చెబుతారు. కొత్త ఇ.సి.యు. కొనాలి, దానిని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో బండికి జత చేయించాలి. అంత డబ్బు పెట్టే బదులు బండిని తుక్కుకు వేయడమే మేలన్న సలహా కూడా ఉచితంగా లభిస్తుంది.

అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ ప్రశ్న వేరుగా ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు అవయవాలు ఒకే క్షణంలో చెడిపోతాయా? చెడిపోవు. అయితే ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ఇ.సి.యు. నుంచి బయలుదేరి మూడు సెన్సర్లకూ పంచుకుపోయే 5 వోల్టుల సరఫరా. ఆ తీగ ఒక్క చోట నేలకు తగిలినా మూడు సెన్సర్లూ ఒకేసారి అబద్ధాలు చెబుతాయి. అతను ఇంజిన్‌ను వేడెక్కించి, మల్టీమీటర్‌ను ఆ తీగకు తగిలించి, వైరింగ్ కట్టను అంగుళం అంగుళం చొప్పున కదిలించుకుంటూ వెళతాడు. ఇంజిన్ వెనుక ఒక ఇనుప బ్రాకెట్ దగ్గర చేయి పెట్టగానే మీటర్‌లో 5 కాస్తా సున్నాకు పడిపోతుంది. మూడు సెన్సర్లనూ ఊడదీసి మళ్లీ కదిపినా అదే సున్నా. సెన్సర్లు నిర్దోషులని అక్కడికక్కడే తేలిపోతుంది. ఏళ్ల తరబడి బ్రాకెట్ అంచుకు రాసుకుని తీగ తొడుగు అరిగిపోయింది. లోపలి రాగి బయటపడింది. బరువు మీద ఇంజిన్ తన మౌంటింగులపై కాస్త ఒరిగినప్పుడల్లా ఆ రాగి ఇనుమును ముద్దాడుతోంది. తీగను అతికి, పైన తొడుగు వేసి, కట్టను బ్రాకెట్‌కు దూరంగా బిగిస్తే వైద్యం పూర్తయింది. అయిన సామగ్రి ఖర్చు రూపాయల్లో ఉంటుంది. పట్టిన సమయం సగం రోజు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. అయితే ఇక్కడ ఆ ఎలుకే అసలు దొంగ.

ఈ కథలో రాజకీయం ఎక్కడుందన్న సందేహం రావచ్చు. కోడ్ అనేది తీర్పు కాదు, ఫిర్యాదు మాత్రమే. ఫలానా చోట సంకేతం సరిగా లేదని కంప్యూటర్ చెబుతుంది. ఎందుకు లేదో చెప్పదు. ఫిర్యాదును తీర్పుగా స్వీకరించిన మొదటి రెండు గ్యారేజీలు సెన్సర్లు మార్చాయి. మూడోది ఏకంగా బండినే మార్చమంది. దేశ రాజధానిలో పాత వాహనాలపై దశాబ్దానికి పైగా నడుస్తున్న విధానం ఆ మూడో గ్యారేజీ ధోరణికి ఏమాత్రం భిన్నంగా లేదు.

పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ రోడ్లపై తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లన్న గీతను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో స్థిరపరిచింది. 2025 జూలై 1న ఢిల్లీ పెట్రోలు బంకుల్లో కెమెరాలు పెట్టి, వయసు మీరిన బండ్లకు ఇంధనం పోయరాదన్న నిషేధం మొదలైంది. జనాగ్రహం చూసి ప్రభుత్వమే రోజుల వ్యవధిలో వెనకడుగు వేసింది. అదే ఏడాది ఆగస్టులో, వయసు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. వయసు నుంచి ఉద్గార ప్రమాణానికి మారడం రోగనిర్ధారణ వైపు వేసిన అడుగే. కానీ అదీ పుట్టినప్పటి జాతకమే, నేటి నాడి కాదు. ఢిల్లీ సహా కొన్ని నగరాల్లో బి.ఎస్-4 ప్రమాణం 2010లోనే వచ్చింది. దేశమంతటికీ వచ్చేసరికి 2017 అయింది. అంటే 2012లో రాజధానిలో కొన్న వ్యాన్ ఒక జాతకంతో, చిన్న పట్టణంలో అదే ఏడాది కొన్న వ్యాన్ మరో జాతకంతో పుట్టాయి. ఈ రెండింటిలో ఈ రోజు ఏది ఎక్కువ పొగ వదులుతోందో ఆ జాతకాలు చెప్పగలవా?

నాడి చూడవలసిన యంత్రాంగం సంగతేమిటి? కాలుష్య ధ్రువపత్రం కోసం డీజిల్ వాహనానికి చేసేది పొగ సాంద్రత పరీక్ష. ఆగి ఉన్న బండి యాక్సిలరేటర్ తొక్కి, పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్‌ల లెక్క అందులో లేదు. పై వ్యాన్‌లో మొరాయించిన ఇ.జి.ఆర్. వాల్వ్ ఉన్నదే ఆ ఆక్సైడ్‌లను తగ్గించడానికి. తీగ తెగిన ఆ వ్యాన్, చల్లగా ఉన్న ఉదయం వేళ పరీక్షకు వెళితే నిక్షేపంగా పాసవుతుంది. పాసయ్యాక ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగిపోతుంది.

2021 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ తుక్కు విధానం ఈ విషయంలో కాస్త మెరుగు. యంత్రాలతో చేసే సామర్థ్య పరీక్షలో తప్పిన వాహనాన్నే తుక్కుకు పంపాలన్నది దాని మూలసూత్రం. కానీ ఆచరణలో పరీక్ష కంటే రుసుము ముందు నడుస్తోంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. బాగు చేసుకునే దారి చూపకుండా ఉంచుకున్నందుకు వసూలు చేస్తే అది శిక్ష అవుతుంది, సంస్కరణ కాదు.

బాగు చేసుకునే దారి ఎక్కడ మూసుకుపోయింది? విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనైనా చేతి నైపుణ్యానికి కొరత లేదు. కొరత వైరింగ్ పటానికి. ఏ తీగ ఎక్కడ నుంచి ఎక్కడికి వెళుతుందో, ఏ సెన్సర్ ఏ సరఫరాను పంచుకుంటుందో తెలిపే ఆ కాగితం, కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరిచే ఆ పాస్‌వర్డ్ అధీకృత సర్వీస్ కేంద్రాల గోడలు దాటి రావు. ఈ సంగతిని కాంపిటీషన్ కమిషన్ ఏనాడో గుర్తించింది. విడిభాగాలను, మరమ్మతు సాధనాలను, సాంకేతిక సమాచారాన్ని బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నందుకు 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు అప్పీళ్లలో పడి ఏళ్లు గడిచాయి. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీ వేసి, ఆ ఏడాది చివరలో ఒక పోర్టల్ ప్రారంభించింది. పోర్టల్ సమాచారం ఇస్తుందే తప్ప, ఇవ్వని కంపెనీ మెడలు వంచలేదు. అందుకు చట్టం కావాలి. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే వాహన మరమ్మతు హక్కును గెలిపించుకున్నారు. స్వతంత్ర గ్యారేజీలకు మరమ్మతు సమాచారం అందించాలని ఐరోపా సమాఖ్య 2007 నాటి నిబంధనలోనే రాసుకుంది. ఆ దేశాల్లో కంపెనీలు దివాలా తీయలేదు.

ఎదుటి వాదనలోనూ నిజం లేకపోలేదు. ఢిల్లీ శీతాకాలపు గాలి పసిపిల్లల ఊపిరితిత్తులపై చేస్తున్న దాడి కల్పన కాదు. పాత డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఇంజిన్‌కున్న వడపోత సాధనాలు ఉండవు, ఎంత మంచి ఎలక్ట్రీషియన్ అయినా వాటిని సృష్టించలేడు. సాఫ్ట్‌వేర్ తాళాలు అందరికీ ఇస్తే దొంగలకూ దొరుకుతాయన్న కంపెనీల భయం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. దీపం వెలగకుండా చేసి, ఇ.జి.ఆర్.ను మూసేసి పంపే మెకానిక్‌లూ ఉన్నారు. కానీ ఈ వాదనలన్నీ నిఖార్సైన పరీక్ష అవసరాన్నే బలపరుస్తాయి. నిజంగా చెడిన బండి ఏదో, అరిగిన తీగ ఒక్కటే ఉన్న బండి ఏదో వేరు చేయలేని చట్టం, రెండింటినీ ఒకే తుక్కు గుట్టపై పడేస్తుంది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇంతకంటే వేరే ఏముంది?

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. స్కానర్ పోర్టు ఉన్న ప్రతి వాహనానికీ కాలుష్య పరీక్షలో పొగతో పాటు ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకాన్నీ చదవాలి. న్యాయమైన రుసుముకు వైరింగ్ పటాలను, రోగనిర్ధారణ సాఫ్ట్‌వేర్‌ను నమోదిత గ్యారేజీలకు ఇవ్వాలని చట్టం నిర్దేశించాలి. దొంగతనానికి ఉపయోగపడే తాళాల విషయంలో మెకానిక్ గుర్తింపును నమోదు చేసి, ప్రతి వాడకాన్నీ లెక్కలో ఉంచాలి. పరీక్షలో తప్పిన బండికి మరమ్మతు గడువు ఇచ్చి, మళ్లీ తప్పితేనే తుక్కుకు పంపాలి. ఆ తర్వాత కొత్త బండికి ఇచ్చే రాయితీ, షోరూము లెక్కలకు కాక మండీ డ్రైవర్ వాయిదాకు అందేలా ఉండాలి.

మూడు కోడ్‌లు వచ్చినప్పుడు మూడు భాగాలు మార్చడం సులభం. ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న తీగ ఎక్కడ అరిగిందో వెతకడం కష్టం. పాలకులకు ఓట్లేసి కూర్చోబెట్టింది ఆ కష్టమైన పని కోసమే. తెల్లవారితే మండీకి వెళ్లవలసిన వ్యాన్ ఇంకా రోడ్డు పక్కనే నిలబడి ఉంది. దాని డాష్‌బోర్డుపై వెలుగుతున్న పసుపుపచ్చ దీపం డ్రైవర్‌కు రోజూ కనిపిస్తూనే ఉంది. కనిపించవలసిన మిగతావారికే ఇంకా కనిపించలేదు.