చివరి వరుసలో కూర్చునేదెవరు?

ఏడు సీట్ల కారు కొందామన్న మాట వచ్చినప్పుడల్లా మగవాళ్ళు సీట్లు లెక్కపెడతారు. నేను ఆ సీట్లలో ఎవరెవరు కూర్చుంటారో లెక్కపెడతాను. ముందర ఇద్దరు మగవాళ్ళు. మధ్య వరుసలో పెద్దవాళ్ళు, లేదంటే అల్లుడుగారు. ఆ వెనకాల, సరిగ్గా చక్రాల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా, కాళ్ళ దగ్గర టిఫిన్ల సంచీ, ఒళ్ళో ఎవరిదో ఒక పిల్ల పెట్టుకుని కూర్చునేది కోడళ్ళు. యాదగిరిగుట్ట పోయినా అంతే, భద్రాచలం పోయినా అంతే. ఇన్నేళ్ళలో ఒక్క మగమనిషి కూడా "నేను వెనక్కి పోతా, నువ్వు మధ్యలోకి రా" అనగా నేను వినలేదు. మీలో ఎవరైనా విని ఉంటే ఆ ఇంటికో దండం.

ఇప్పుడీ గోల ఎందుకంటే, మా ఇంట్లో ఆర్నెల్లుగా ఇదే చర్చ. పాత కారుకి వయసైపోయింది. కొత్తది హైబ్రిడ్ తీసుకోవాలని ఇద్దరం ఒప్పుకున్నాం. అక్కడిదాకా గొడవ లేదు. చిన్న హైబ్రిడ్డా, పెద్ద హైబ్రిడ్డా అన్న దగ్గరే బండి ఆగిపోయింది. చిన్నదంటే హైరైడర్ లేదా గ్రాండ్ విటారా. పేర్లు వేరు కానీ అవి అక్కాచెల్లెళ్ళే, రెండూ కర్ణాటకలో బిడదిలోని టయోటా ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. పెద్దదంటే ఇన్నోవా హైక్రాస్. మా ఆయనది పెద్ద బండి, నాది చిన్న బండి.

హైబ్రిడ్ ఎందుకన్నది పుప్పాలగూడలో ఉండేవాళ్ళకి పెద్దగా చెప్పక్కర్లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి నార్సింగి వైపు పోయినా, లాంకో హిల్స్ రోడ్డు ఎక్కినా, బండి నడిచే సేపటికన్నా నిలబడే సేపే ఎక్కువ. మామూలు పెట్రోలు బండి నిలబడి కూడా తాగుతూనే ఉంటుంది. హైబ్రిడ్ అలా కాదు. నిలబడితే ఇంజను ఆగిపోతుంది, మెల్లగా కదిలితే మోటారు మీద కదులుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా ఆ ఊపు వృథా కాకుండా బ్యాటరీలోకి పోతుంది. ప్లగ్గు పెట్టి చార్జి చెయ్యాల్సిన పని లేదు. బడి గేటు ముందు ఎండలో పిల్లల కోసం ఎదురుచూసేటప్పుడు ఇంజను ఆగి ఉన్నా ఏసీ నడుస్తుంది. బ్యాటరీ తగ్గినప్పుడు కాసేపు ఇంజను లేచి, మళ్ళీ పడుకుంటుంది. హైవే మీద ఏకబిగిన నూరులో పోతే ఈ లాభం బాగా తగ్గుతుంది. అంటే ఇది ఊళ్ళో ట్రాఫిక్ కోసం పుట్టిన బండి. ఎలక్ట్రిక్ ఎందుకు వద్దని అడుగుతారేమో, తెలంగాణలో 2024 నవంబరు నుంచి వాటికి రోడ్ టాక్స్ కూడా మాఫీ చేశారు, నిజమే. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో చార్జింగ్ పాయింటు విషయం మూడు మీటింగుల నుంచి వాయిదా పడుతోంది. ఆ కథ ఇంకోసారి.

షోరూమ్‌కి పోయే అక్కచెల్లెళ్ళకి ఇక్కడో మాట. "హైబ్రిడ్డే మేడం" అనగానే తల ఊపకండి. హైరైడర్‌లో నియో డ్రైవ్ అనీ, గ్రాండ్ విటారాలో స్మార్ట్ హైబ్రిడ్ అనీ అమ్మేవి మైల్డ్ హైబ్రిడ్లు. వాటిలో బ్యాటరీ ఇంజనుకి కాస్త సాయం పడుతుంది, అంతే, బండిని తనంతట తాను నడపదు. మనం అడగాల్సింది స్ట్రాంగ్ హైబ్రిడ్. హైక్రాస్‌లో కూడా ఉత్తి పెట్రోలు రకం ఒకటి ఉంది. కొటేషన్ కాగితం మీద ఏది రాశారో చూసుకోండి.

ఇక లెక్కలు. ఇంటి జమాఖర్చు రాసే చెయ్యి కాబట్టి ఇవి నేనే వేశాను. కంపెనీ లెక్క ప్రకారం చిన్నది లీటరుకి 27.97 కిలోమీటర్లు, పెద్దది 23.24. రోడ్డు మీద ఏదీ అంత ఇవ్వదు, కానీ పోల్చడానికి పనికొస్తుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే చిన్నదానికి 429 లీటర్లు, పెద్దదానికి 516. తేడా 87 లీటర్లు. లీటరు 107 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 9,300. అంటే పెట్రోలు ఆదా పేరు చెప్పి నేను చిన్న బండిని గెలిపించలేను. మా ఆయన ఈ కాగితం చూసి "చూసినవా!" అని తెగ సంబరపడ్డాడు.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే కాగితానికి రెండో వైపు ధర ఉంది. మేము చూసుకున్న రకాల్లో రెండింటికీ మధ్య 9 లక్షల తేడా. ఆ తొమ్మిదికీ 9 శాతం వడ్డీతో ఏడేళ్ళ అప్పంటే నెలకి పద్నాలుగున్నర వేలు, ఏడాదికి 1,74,000. దాని మీద లైఫ్ టాక్స్. మన దగ్గర అది బండి ధరను బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఇరవై లక్షలు దాటితే ఇంకో మెట్టు ఎక్కాల్సిందే. జీఎస్టీ తగ్గింది కదా అంటారు. 2025 సెప్టెంబరులో 18 శాతానికి తగ్గింది నాలుగు మీటర్లు దాటని, 1200 సీసీ మించని పెట్రోలు బళ్ళకి. మా 'చిన్న' హైబ్రిడ్ ఇంజను 1500 సీసీ, పొడవు 4.36 మీటర్లు. ప్రభుత్వం లెక్కలో అదీ పెద్ద బండే, రెండింటికీ 40 శాతమే.

ఏడాదికి ఎన్ని రోజులు ఏడుగురం కలిసి తిరుగుతామో కూడా రాశాను. బతుకమ్మకి, దసరాకి సూర్యాపేట. సంక్రాంతి. వేసవిలో ఆడబిడ్డ పిల్లలు వచ్చినప్పుడు నాలుగు రోజులు. ఒకటో రెండో పెళ్ళిళ్ళు. ఎంత లాగినా పదిహేను రోజులు దాటలేదు. పోయిన సంక్రాంతికి డ్రైవరుతో సహా మాట్లాడుకున్న పెద్ద బండికి రోజుకి ఆరు వేలు అయ్యింది. పదిహేను రోజులకి 90,000. పైగా దారంతా మా ఆయన కూడా వెనక్కి వాలి నిద్రపోవచ్చు.

మిగిలిన మూడొందల యాభై రోజులు ఆ బండి నడిపేదెవరు? నేను. మా ఆయన ఆఫీసుకి కంపెనీ క్యాబు, వారానికి రెండు రోజులు ఇంట్లోనే పని. పిల్లల బడి, అత్తమ్మ ఫిజియోథెరపీ, మణికొండలో కూరగాయలు, బ్యాంకు, అన్నీ నా చేతి మీదే. పాత పుప్పాలగూడ ఊళ్ళో సందుల్లో ఎదురుగా నీళ్ళ ట్యాంకరు వస్తే వెనక్కి తీసేదీ నేనే. పెద్దది చిన్నదానికన్నా ఐదారు సెంటీమీటర్లే వెడల్పు, అది ఇబ్బంది కాదు. పొడవు మాత్రం 39 సెంటీమీటర్లు ఎక్కువ, అంటే మూరెడుకి రెండు మూడు అంగుళాలు తక్కువ. మా పార్కింగులో ముందర గోడ, పక్కన స్తంభం. ఆ మూరెడు ఎక్కడ పెట్టాలో టేపు పట్టుకుని చూశాను. తోక బయటికి వస్తుంది, వెనక ఫ్లాటు వాళ్ళు రోజూ ఇంటర్‌కమ్ కొడతారు. బండి ఎవరు రోజూ నడుపుతారో వాళ్ళ చెయ్యికి సరిపోవాలి గానీ, ఏడాదికి పదిహేను రోజులు స్టీరింగ్ పట్టుకునేవాళ్ళకి కాదు. ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరేమనుకున్నా.

చిన్నదాన్ని మరీ ఎత్తుకోను. బ్యాటరీ వెనక డిక్కీ కింద కూర్చుంటుంది కాబట్టి సామాన్ల జాగా 265 లీటర్లకి పడిపోయింది, అదే బండి మైల్డ్ రకంలో 373. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, మామిడికాయల బుట్ట, పచ్చడి జాడీలు, అత్తమ్మ వాకరు అన్నీ అందులో పట్టవు. ఏదో ఒకటి ఒళ్ళోకి వస్తుంది. విజయవాడ హైవే మీద అయిదుగురితో లారీని దాటాలంటే ఆ మూడు సిలిండర్ల ఇంజను గట్టిగా అరుస్తుంది, పెద్దదానికి ఆ కష్టం ఉండదు. అయితే పెద్దదానిలో మూడో వరుస లేపి ఏడుగురిని ఎక్కించాక సామాన్లకి మిగిలే చోటు కూడా అంతంతే. అప్పుడు బస్తా ఎక్కడికి పోతుంది? చివరి వరుసలో వాళ్ళ కాళ్ళ కిందికి.

ఇవన్నీ చెప్పినా మా ఆయన కదల్లేదు. ఎందుకో నాకు తెలుసు. ఆరేళ్ళ కింద మా మామయ్యకి సూర్యాపేటలో ఒంట్లో బాగాలేకపోతే, పడుకోబెట్టి పట్నం తీసుకురావడానికి మా కారు చాలలేదు. ఆ రాత్రి ఈయన పెద్ద బండి కోసం మూడిళ్ళ తలుపులు తట్టాడు. మూడో ఇంటివాళ్ళు తాళం ఇచ్చారు. మామయ్య మరో పదకొండు రోజులే ఉన్నారు. అప్పటి నుంచి ఈయనకి పెద్ద బండి అంటే ఇంకొకరి గడప ముందు నిలబడక్కర్లేని బండి. దీనికి నా దగ్గర ఏ లెక్కా లేదు. ఒకటి మాత్రం అన్నాను: "అట్లాంటి రాత్రికి కావాల్సింది ఏడు సీట్లు కాదు, ఆక్సిజన్ ఉన్న అంబులెన్సు. ఫోన్లో 108 ఉంది, మన పక్క ఆసుపత్రి నంబరు కూడా పెట్టుకుందాం." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫ్రిజ్ మీద ఆ నంబర్లు ఆయన చేతిరాతలో అంటించి ఉన్నాయి.

అందరికన్నా కష్టమైన మాట అత్తమ్మ అన్నది. మామయ్య పోయాక మూడేళ్ళు ఊళ్ళో ఒక్కతే ఉండి, కుడి మోకాలి ఆపరేషన్ అయ్యాక మా దగ్గరికి వచ్చేసింది. మా చర్చ అంతా వింటూనే ఉంది, ఏమీ అనలేదు. ఒక రోజు చిక్కుడుకాయలు తుంచుతూ "గా చిన్న కారుల నేనెక్కడ కూసోవాలె బిడ్డా?" అన్నది. అది కారు గురించి అడిగిన ప్రశ్న కాదు. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, నలుగురికి సరిపోయే కారంటే తను లెక్కలోకి రాలేదని ఆమె అనుకుంది. ఊళ్ళో ఇల్లు తాళం పెట్టి వచ్చిన మనిషి అట్లాగే అనుకుంటుంది. నేను టేపు పెట్టి గోడలు కొలిచాను గానీ, ఈ కొలత ఎవరూ చెయ్యలేదు.

మరుసటి ఆదివారం ఆమెను షోరూమ్‌కి తీసుకుపోయాం. మీరు కూడా ఇంట్లో మోకాళ్ళ నొప్పుల వాళ్ళుంటే వాళ్ళు లేకుండా బండి చూడకండి. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినట్టు అత్తమ్మ ముందు సీటు మీద కూర్చుని, తర్వాత ఒక్కో కాలూ లోపలికి తీసుకుంటుంది. పెద్ద బండి మధ్య వరుసలో విడి సీటు సోఫాలాగుంది, హాయిగా వాలింది. కాసేపయ్యాక "ముందల మీరేం మాట్లాడుకుంటున్నరో నాకు వినబడుతలేదు" అన్నది. చిన్నదానిలో ముందు సీటు వెనక్కి జరిపి కూర్చోబెట్టాను. కాళ్ళు చాచుకుంది. అద్దంలోంచి బయటికి చూసి, "ఇక్కడైతే రోడ్డంతా కనబడతది" అన్నది.

అప్పుడు లెక్క మళ్ళీ వేశాం, ఈసారి మనుషులతో. స్టీరింగ్ దగ్గర నేను. పక్కన అత్తమ్మ. వెనక కిటికీలకి చెరొకవైపు పిల్లలు, మధ్యలో మా ఆయన. సేల్స్ అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. మా ఆయన వెనక మధ్యలో కూర్చుని, నెత్తి పైన ఎంత జాగా ఉందో చేత్తో చూసుకుని, "మరి మా అక్కవాళ్ళు వస్తే?" అన్నాడు. "వాళ్ళకీ కారుంది కదరా" అన్నది అత్తమ్మ. ఆ వాక్యం నేను అని ఉంటే ఇంట్లో దీపావళి.

తొమ్మిది లక్షలు మిగిలినట్టు కాదు, అప్పు చెయ్యనట్టు. అందులో కొంత అత్తమ్మ ఎడమ మోకాలికి. డాక్టరు ఏడాదిలోపు చేయించమన్నారు. తను ఇంతదాకా ఆ మాట ఎత్తలేదు, ఖర్చని. ఇప్పుడు తేదీ తీసుకున్నాం. పెద్దదానికి వచ్చే ఏడు ఇంటర్, ఆ ఫీజుల సంగతి మీకు తెలియంది కాదు.

"కోడలు నడుపుతుందని చిన్న కారు కొన్నరు" అని చుట్టాల్లో ఒకరిద్దరు అప్పుడే అనేశారు. నడుపుతున్నది నేనే కాబట్టి అందులో తప్పు పట్టడానికేమీ లేదు. రిజిస్ట్రేషన్ కూడా నా పేరు మీదే చేయిస్తున్నాం. బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. ఆ కాగితం మాత్రం నగల బీరువాలో పెడతాను, మా ఆయన ఫైల్లో పెడితే మళ్ళీ దొరకదు.

బుకింగ్ అయ్యింది. రంగు ఒక్కటే తేలలేదు. దుమ్ము కనబడదని ఆయన వెండి రంగు అంటున్నాడు, అత్తమ్మకి ఎరుపు కావాలట.