భారం దేవుడిది, దరఖాస్తు మనది

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పదవీ విరమణ తేదీ దగ్గరపడిన ప్రతి తెలుగు ఇంటికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. క్వార్టర్ ఖాళీ చేశాక ఎక్కడికి? తాతల నాటి శ్రీకాకుళం పల్లెకు వెళ్దామంటే అక్కడ పొలమూ లేదు, ఎరిగినవారూ లేరు. ఇక్కడే ఉందామంటే సొంత గూడు లేదు. నిబంధనల ప్రకారం విరమణ తర్వాత మామూలు అద్దెపై ఉండనిచ్చేది నాలుగు నెలలే. చదువు, అనారోగ్యం లాంటి కారణాలుంటే హెచ్చు అద్దెతో మరో నాలుగు నెలలు. దారి తోచనప్పుడు నోట వచ్చే మాట ఒకటే: ''భారం దేవుడి మీద వేశాం.''

దీన్ని చేతకానితనంగా కొట్టిపారేయడం తేలిక. ఈ పేట గతం తెలిసినవారు మాత్రం అంత తొందరపడరు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1900 ప్రాంతంలో ఇక్కడ వర్క్‌షాప్ నెలకొల్పాక, వాన కోసం ఆకాశం వైపు చూసే ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి వేలాది మంది కూలికి వచ్చారు. నారు పోసినవాడు నీరు పోయడా అన్న ధీమా ఒక్కటే వారి పెట్టుబడి. అమ్మవారినీ వెంట తెచ్చుకున్నారు. ఖరగ్‌పూర్ తెలుగువారి మాతా పూజ నేటికీ పట్టణమంతా ఎరిగిన పండుగ.

అయితే మొక్కు మొక్కి ఊరుకున్నవారు కాదు వీరు. 1927లో తొలగింపుల వల్ల వర్క్‌షాప్‌లో నెలల తరబడి పని ఆగిపోయినప్పుడు కార్మికులకు అండగా నిలిచిన నాయకుల్లో వి.వి.గిరి ఒకరు. 1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసినప్పుడు అదే గిరి రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. వేలాది మంది ఉద్యోగాలు పోయాయి. చాలా చోట్ల రైల్వే కాలనీల్లో కుటుంబాలను వీధిన పడేశారు. ఒకప్పటి తమ నాయకుడే దేశాధినేతగా ఉన్నా గట్టెక్కించలేని పరిస్థితిలో కార్మికుడు ఎవరిని నమ్ముకోవాలి? 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక తొలగించినవారిని తిరిగి తీసుకున్నారు. ఆ మూడేళ్లూ ఇళ్లను నిలబెట్టినవి దేవుడి పటం ముందు దీపం, పొరుగువారి చేబదులు, యూనియన్ ఆఫీసుకు తిరిగిన కాళ్లు. వీటిలో ఏ ఒక్కటీ మిగతా రెంటికీ అడ్డు రాలేదు.

మన సంప్రదాయం చెప్పే శరణాగతి కూడా ఇదే. పోతన గజేంద్రుడు మొసలిని చూసిన మరుక్షణమే చేతులెత్తేయలేదు. ఒంట్లో సత్తువ ఉన్నంత వరకూ పోరాడి, ఆ తర్వాతే పిలిచాడు. పిలుస్తూనే, ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో అని సందేహించాడు కూడా. ఆ సందేహాన్ని తప్పుగా ఎంచకుండానే విష్ణువు పరుగెత్తుకొచ్చాడు. దారి కనిపిస్తుంటే నమ్మకంతో పనేముంది? కనిపించనప్పుడే దాని అవసరం.

చిక్కల్లా ఈ మాట ఎవరి నోటి నుంచి వస్తోందన్న దగ్గరే. బాధపడేవాడు ''దేవుడున్నాడు'' అనుకుంటే అది ధైర్యం. ఫైలు చేతిలో పెట్టుకున్న అధికారి అదే మాట అంటే అది తప్పించుకోవడం. భద్రతా విభాగాల్లో పనిచేసే కొన్ని తరగతుల సిబ్బంది ముందుగా విరమిస్తే పిల్లలకు ఉద్యోగమిచ్చే పథకాన్ని రైల్వే 2004లో తెచ్చింది. సమాన అవకాశాల సూత్రానికి అది విరుద్ధమని 2016లో పంజాబ్, హర్యానా హైకోర్టు తప్పుపట్టింది. 2018లో పథకం రద్దయింది. కోర్టు చెప్పిన సూత్రం సబబే. కానీ తరతరాలుగా క్వార్టర్ తప్ప మరో చిరునామా లేని కుటుంబాలు ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ బాధ్యతను దేవుడికి బదిలీ చేసే అధికారం ఏ కార్యాలయానికీ లేదు.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిన నిర్ణయమది. భాషకు దక్కిన గుర్తింపు రేపు గూటికీ దక్కాలంటే అడగడం ఆపకూడదు. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టిన చేత్తోనే దరఖాస్తు మీద సంతకమూ పెట్టాలి. ఓల్డ్ సెటిల్‌మెంట్ పెద్దలు చేసింది అదే.