బొగ్గు నేలలు రెండు

బిలాస్‌పూర్‌లో అర్పా నది దాటి సీపత్ రోడ్డున వచ్చువారికి లింగియాడీహ్ తగులును. 'డీహ్' అనగా ఈ ప్రాంతపు మాటలో పాత ఊరు నెలకొన్న చోటు. పేరు పాతదే గాని నేడిది నగరములో కలిసిపోయిన పేట. ఇక్కడి రైల్వే తెలుగు కుటుంబములలో తాతల కథ అడిగినచో అది తరచు శ్రీకాకుళము నుండియో విజయనగరము నుండియో బయలుదేరి, బెంగాల్ నాగపూర్ రైల్వేలో కుదురుకొనును. 1891లో నాగపూర్–ఆసన్‌సోల్ మార్గము పూర్తియైన తరువాత, కలచురుల నాటి రాజధాని రతన్‌పూర్ వెనుకబడి, పక్కనున్న బిలాస్‌పూర్ ముందుకు వచ్చినది. రైలు ఊరిని పెంచినది, బొగ్గు రైలును పెంచినది.

ఈ మాసము మన శీర్షికలో అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఒకటైన అలబామాను గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఊరు దూరమే గాని కథ మనకు కొత్తది కాదు.

అలబామా 1819లో 22వ రాష్ట్రముగా అమెరికా సమాఖ్యలో చేరినది. ఉత్తరమున అపలేషియన్ కొండల కొస, నడుమ 'బ్లాక్ బెల్ట్' అను నల్లనేల, దక్షిణమున సముద్రతీరమందు మొబైల్ రేవు. నల్లనేలలో పత్తి పండినది. ఆ పత్తిని పండించినవారు బానిసలు. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన పిమ్మటను పత్తియే ఏలినది. తుదకు కాయతొలుచు పురుగొకటి వచ్చి పంటను తినివేయగా, ఎంటర్‌ప్రైజ్ అను ఊరి రైతులు వేరుశనగకు మారి బాగుపడి, 1919లో ఆ పురుగు పేరిట స్మారక స్తంభము నిలిపిరి! మన గుంటూరు పత్తిరైతుకు ఈ మాట నవ్వు తెప్పించదు.

మన పాఠకులకు ఆసక్తి కలిగించునది ఉత్తరపు కొండల మాట. ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి మూడును కొద్ది మైళ్లలోనే దొరకు చోట, రెండు రైలు మార్గములు కలియు కూడలిలో, 1871లో బర్మింగ్‌హామ్ నగరము వెలసినది. దల్లీ–రాజహరా ఇనుపరాయి, నందినీ సున్నపురాయి ఆధారముగా 1959లో మన భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన ఘట్టము ఇచ్చట స్మరణకు వచ్చును. బర్మింగ్‌హామ్‌లో స్లాస్ వారి ఫర్నేసులు 1882 నుండి 1971 వరకు ఇనుము కరగించినవి. అలబామా బొగ్గు గనులలోనికి జైలు ఖైదీలను కిరాయికి పంపు దురాచారము 1928 వరకు సాగినది. వారిలో అత్యధికులు నల్లజాతివారు. ఆ నగర వైభవము చెప్పునపుడు ఈ మాట దాచుట న్యాయము కాదు.

ఫర్నేసులు ఏల ఆరినవి? ఎర్రకొండలో రాయి నిండుకొని కాదు. అది తక్కువ రకపు రాయి. విదేశపు మేలిరకపు రాయి ఓడలలో చౌకగా దిగినది. ఇంజనీర్లమైన మేము గని ఆయుర్దాయమును నిల్వ టన్నులను ఏటి ఉత్పత్తితో భాగించి లెక్కకట్టుదుము. ఆ లెక్క ఎర్రకొండకు పనికిరాలేదు. ఖనిజముకంటె ముందు దాని గిరాకి తీరును. నేడు స్లాస్ ఫర్నేసులు మ్యూజియము. నగరములో అత్యధికులకు ఉద్యోగములిచ్చునది విశ్వవిద్యాలయము, దాని ఆసుపత్రి.

మొబైల్ అఖాతములో సహజవాయువు దొరికినపుడు ఆ రాష్ట్రము కొంత జాగ్రత్తపడినది. 1985లో రాజ్యాంగ సవరణతో 'అలబామా ట్రస్ట్ ఫండ్' నెలకొల్పి, వాయువు రాయల్టీని అసలుగా నిలిపి, రాబడిని మాత్రము వాడుకొనునట్లు కట్టడి చేసినది. అయినను 2012లో బడ్జెట్టు లోటు పూడ్చుటకు ప్రజల ఓటుతోనే మూడేండ్లలో 43.7 కోట్ల డాలర్లు అందులోనుండి తీసిరి. తాళము వేసిన పెట్టెకు సైతము తాళపుచెవి ఉండునుగదా!

ఇక మన వైపు. కోర్బా జిల్లాలోని గేవరా గని 1981లో మొదలై, 2023–24లో సుమారు 5.9 కోట్ల టన్నుల బొగ్గునిచ్చినది. కోర్బాలో 2,600, సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రములు ఈ బొగ్గు మీదనే నడచుచున్నవి. గేవరా వంటి పాత గనులలో నూరు రూపాయల బొగ్గుకు రాయల్టీ 14 రూపాయలు. అందులో 30 శాతమునకు సమానమైన 4 రూపాయల 20 పైసలు, 2015 నాటి చట్టసవరణ ననుసరించి, అదనముగా జిల్లా ఖనిజ నిధికి చేరును. త్రాగునీరు, బడులు, వైద్యము మొదలగు వాటికి దానిని వెచ్చింపవలెను.

ఈ ఖర్చును మేము తప్పుపట్టము. గని దుమ్ములో బ్రదుకు ఊరికి మంచినీరు నేడే కావలెను. అయితే ఆ 4 రూపాయల 20 పైసలలో కనీసము ఒక రూపాయి, అసలు తాకని నిధిగా నిలుపవలెనని మా అభిప్రాయము. భూమి ఇచ్చిన ఇంటిలో ఒకరికి ఉద్యోగము వచ్చినను, అది మనుమని వరకు రాదు. భూమి ఉండినచో వచ్చియుండెడిది. ఆ మనుమడు చదువవలసిన కళాశాలకు, పనిచేయవలసిన ఆసుపత్రికి పునాది గేవరాలో షావెల్ కదలుచుండగనే పడవలెను. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయము స్వతంత్ర సంస్థగా ఏర్పడినది 1969లో. స్లాస్ ఫర్నేసులు ఆరుటకు రెండేండ్లు మాత్రమే ముందు.

మొబైల్ రేవును, 1985లో తెరచిన టెనెసీ–టాంబిగ్‌బీ జలమార్గమును స్థలాభావముచే ఈసారి విడిచితిమి. బొగ్గును నీటి దారిన తరలించు విధానము ఆ సందర్భములో వివరించెదము.